బరువు తగ్గించే ప్యాకేజీ: రెండో ఏడాది లెక్క

మా ఇంట్లో బీరువా అరలో, బ్యాంకు కాగితాల పక్కన, ఒక పసుపురంగు ఫైలు ఉంది. అందులో 26 తూకపు చీటీలున్నాయి. మూడేళ్ళ క్రితం గుంటూరు లక్ష్మీపురంలోని ఒక బరువు తగ్గించే కేంద్రంలో ఆరు నెలల ప్యాకేజీకి చేరినప్పుడు, ప్రతి శనివారం ఉదయం అక్కడి యంత్రం మీద నిలబడితే బయటికి వచ్చిన చీటీలవి. ఏటీఎం రసీదు లాంటి కాగితం కావడం వల్ల మొదటి నెల చీటీల మీద అక్షరాలు దాదాపు వెలిసిపోయాయి. మొదటి చీటీ మీద 78 కిలోలు, చివరి చీటీ మీద 69. ఆ తర్వాతి పద్నాలుగు నెలలకు చీటీలు లేవు. ఆ పద్నాలుగు నెలల్లో నేను మళ్ళీ 75కి వచ్చాను.

మా బ్యాంకులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఈమధ్య అలాంటి మరో కేంద్రం కరపత్రం పట్టుకొచ్చి, "అక్కా, మీరు చేరారు కదా, నిజంగా పనిచేస్తుందా?" అని అడిగింది. అప్పటికి ఏదో చెప్పాను కానీ, ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. పనిచేస్తుందన్నా అబద్ధమే, పనిచేయదన్నా అబద్ధమే. ఆ కేంద్రాలు మనకు ఇచ్చేదాంట్లో విలువైనది ఒకటుంది, అవి మన దగ్గర డబ్బు తీసుకునేది మాత్రం ఎక్కువగా వేరే వాటికి. పైగా ఆ విలువైనది మనకు అత్యంత అవసరమైన సమయానికే గడువు తీరిపోతుంది. నా అనుభవంలో తేలింది ఇది. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

నేను అందం కోసం చేరలేదు. నా ఎత్తు 158 సెంటీమీటర్లు. 78 కిలోలంటే బీఎంఐ, అంటే ఎత్తునుబట్టి చూసే బరువు లెక్క, 31 దాటుతుంది. మన భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని వైద్యులు లెక్కిస్తారు. ఆడవాళ్ళకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు, నాది 96. అమ్మకూ నాన్నకూ ఇద్దరికీ షుగరు ఉంది. నా మూడు నెలల సగటు షుగరు పరీక్షలో 6.3 వచ్చింది, అంటే షుగరు వ్యాధి గడప దగ్గర నిలబడి ఉన్నట్టే. డాక్టరు గారు "ఐదారు కిలోలు తగ్గండమ్మా" అన్నారు. బయట ముప్పై మంది కూర్చుని ఉన్నారు. ఎలా తగ్గాలో చెప్పే తీరిక ఆయనకు లేదు, అడిగే ధైర్యం నాకు లేదు.

ఆయన చెప్పిన ఐదారు కిలోలకు వెనక గట్టి ఆధారం ఉందని నాకు తర్వాత తెలిసింది. 2002లో వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో, శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మన దేశంలో చెన్నై కేంద్రంగా జరిగి 2006లో వెలువడిన అధ్యయనంలోనూ ఆహారం, నడక మార్చుకున్నవాళ్ళలో ఆ ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది. నా 78 కిలోలలో 7 శాతమంటే ఐదున్నర కిలోలు. కేంద్రంలో నాకు రాసిచ్చిన లక్ష్యం మాత్రం 58 కిలోలు. ఇరవై కిలోలు తగ్గాలన్నమాట. నా ఆరోగ్యానికి ఐదున్నర చాలు. ఆరు నెలల ప్యాకేజీ అమ్మాలంటే ఆ ఐదున్నర చాలదు. 69కి చేరిన రోజున నేను సంతోషపడాల్సింది పోయి, ఇంకా పదకొండు మిగిలాయని దిగులుపడ్డాను. ఆ దిగులు నాకు అనవసరంగా అంటగట్టారని ఇప్పటికీ బాధగా ఉంది.

అయినా మంచి ముందు చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా మంచి.

శనివారం తూకం అయ్యాక నా ఆహారం పుస్తకం చూసే అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. నాలుగో వారమో ఐదో వారమో, పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి, "మేడమ్, బుధవారం సాయంత్రం ఏమీ రాయలేదేంటి?" అని అడిగింది. బుధవారం బ్యాంకులో ఆలస్యమైంది. ఇంటికి వస్తూ శంకర్ విలాస్ సెంటరు దగ్గర దిగి, ఆకలికి ఆగలేక నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నాను. రాయడానికి సిగ్గేసి వదిలేశాను. చెప్పాను. ఆమె కోప్పడలేదు, ఉపదేశమూ చేయలేదు. "మధ్యాహ్నం ఒంటిగంటకు తిని రాత్రి ఎనిమిదింటి దాకా ఏమీ లేకపోతే ఎవరైనా అంతే మేడమ్. ఐదింటికి గుప్పెడు వేయించిన శనగలు తినండి, డ్రాయరులో పెట్టుకోండి" అంది. ఆ మాట నాకు ఆరు నెలల్లో దొరికిన అన్ని సలహాలకంటే ఎక్కువ ఉపయోగపడింది. శనగల సీసా ఇవాళ్టికీ నా కౌంటరు డ్రాయరులో ఉంది.

శనగల సంగతి నాకు తెలియనిదేమీ కాదు. కానీ బుధవారం సాయంత్రం నాకేమైందని అంతకు ముందు నన్ను అడిగిన మనిషి లేదు. ఈ రంగంలో అన్నిటికంటే పేరున్న వెయిట్ వాచర్స్ సంస్థ పుట్టిన తీరు చూసినా ఇదే కనిపిస్తుంది. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో జీన్ నైడెచ్ అనే గృహిణి, నగర ఆరోగ్య శాఖ నడిపే స్థూలకాయ చికిత్సాలయానికి వెళ్ళి అక్కడ ఇచ్చిన ఆహార నియమాలు తెచ్చుకుంది. నియమాలు చేతిలో ఉన్నా, దొంగచాటుగా తినే బిస్కెట్ల గురించి చెప్పుకునే చోటు లేక, 1961లో ఆరుగురు స్నేహితురాళ్ళను ఇంటికి పిలిచి మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. 1963లో అదే సంస్థ అయింది. ఆహార పట్టిక నగరపాలక సంస్థదే. ఆమె చేర్చింది వారం వారం కలుసుకోవడం ఒక్కటే. ఆ కలుసుకోవడానికి విలువ ఉందని పరిశోధన కూడా చెప్పింది. 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియాలలో 772 మందిని తీసుకుని, కొందరిని ఇలాంటి వాణిజ్య కార్యక్రమానికి పంపి, మిగిలినవాళ్ళకు మామూలు వైద్యుల సలహా ఇప్పిస్తే, ఏడాది చివర మొదటివాళ్ళు సగటున ఐదు కిలోలు, రెండోవాళ్ళు రెండు కిలోల పైచిలుకు తగ్గారు. కాబట్టి డబ్బు తీసుకునే కార్యక్రమాలన్నీ దండగ అనే మాటను నేను ఒప్పుకోను.

ఇంకో లాభం ఉంది. దాన్ని ఎవరూ లాభాల జాబితాలో రాయగా నేను చూడలేదు. మాది ఐదుగురి ఇల్లు, వంట అత్తయ్య గారూ నేనూ కలిసి చేస్తాం. అంతకు ముందు పొద్దున నడకకు వెళ్తానని నేను ఎన్నిసార్లు అనుకున్నా ఇంట్లో ఏదో ఒక పని అడ్డం వచ్చేది, ఎవరూ వద్దని కూడా అనేవారు కాదు, పని మాత్రం నా కోసం ఆగి ఉండేది. 36,000 రూపాయలు కట్టిన తర్వాత శనివారం ఉదయం నాదైపోయింది. "డబ్బు కట్టింది కదా, వెళ్ళనీ" అని అత్తయ్య గారే టిఫిను చూసుకునేవారు. మన ఇళ్ళలో ఆడదాని ఆరోగ్యానికి దొరకని సమయం, రసీదు ఉంటే దొరుకుతుంది. ఇది న్యాయమని నేననను. కానీ బయటినుంచి చూసి "ఊరికే నడిస్తే సరిపోయేదానికి అంత డబ్బెందుకు?" అనేవాళ్ళు, ఊరికే నడిచే వీలు ఎవరికుందో కూడా ఒకసారి ఆలోచించాలి.

ఇక లోపాల దగ్గరికి వస్తాను.

మొదటి వారంలో నేను 2.4 కిలోలు తగ్గాను. కేంద్రంలో చప్పట్లు కొట్టారు, ఫొటో తీశారు. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. 2.4 కిలోల కొవ్వుకు 18,480. ఏడు రోజులకు పంచితే రోజుకు 2,640. నేను రోజంతా ఏమీ తినకుండా కూర్చున్నా అంత లోటు రాదు. జరిగిందేమిటంటే, అన్నం ఒక్కసారిగా తగ్గించేసరికి కాలేయంలో, కండరాలలో దాచి ఉన్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఖర్చయింది. ఒక గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది కాబట్టి, దాంతో పాటు నీళ్ళు పోయాయి. తిరిగి అన్నం తింటే అవే నీళ్ళు తిరిగొస్తాయి. ఆ సంగతి నాకు అప్పుడే చెప్పి ఉంటే, ఆరో వారంలో 300 గ్రాములే తగ్గినప్పుడు నేను ఏడ్చేదాన్ని కాదు. ఆ 300 గ్రాములే అసలైన కొవ్వు.

చేరిన రోజున అక్కడి తూకపు యంత్రమే నా "శరీర వయసు" 58 అని చూపించింది. అప్పటికి నాకు 44. సంతకం పెట్టడానికి నన్ను ఒప్పించింది ఆ అంకే. ఆ యంత్రం పాదాల గుండా సన్నని విద్యుత్తు పంపి, అది ఎదుర్కొన్న నిరోధాన్నిబట్టి కొవ్వును అంచనా వేస్తుంది. తాగిన నీళ్ళు, నడిచి వచ్చామా లేదా, తిని వచ్చామా లేదా అన్నదాన్ని బట్టి ఆ అంచనా మారుతుంది. నడక ముగించి నీళ్ళు తాగకుండా వెళ్ళిన శనివారాలలో నా కొవ్వు శాతం ఒక్కసారిగా మారిపోయేది. బరువు అంకె నమ్మదగ్గదే, నడుముకు చుట్టిన టేపు ఇంకా నమ్మదగ్గది. శరీర వయసు అన్న అంకెతో మనిషిని భయపెట్టి డబ్బు కట్టించుకోవడం తప్పు.

రాత్రి భోజనానికి బదులు నీళ్ళలో కలుపుకుని తాగే పొడి డబ్బా నెలకు 2,500 రూపాయలు, ప్యాకేజీలో కలవదు. నాలుగు డబ్బాలు కొన్నాను. ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. భోజనానికి బదులు ఇచ్చే పొడులు పనికిరానివని చెప్పలేం. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే అధ్యయనంలో మూడు నుంచి ఐదు నెలలు రోజుకు 825 నుంచి 853 కేలరీల పొడి ఆహారం మీదే ఉంచి, ఆ తర్వాత చూస్తే, ఏడాదికి 46 శాతం మందికి, రెండేళ్ళకు 36 శాతం మందికి మందుల్లేకుండానే మధుమేహం ఉపశమించింది. కానీ అక్కడ మొదలుపెట్టిన రోజునే షుగరు, బీపీ మందులు వైద్యుల పర్యవేక్షణలో ఆపారు. పొడి నుంచి మామూలు భోజనానికి ఎలా రావాలో వారాల తరబడి నేర్పారు. ఆ తర్వాత కూడా నెలనెలా పిలిచి చూశారు. నాకు డబ్బా ఇచ్చి స్కూపు లెక్క చెప్పారు, అంతే. నా పక్కన కూర్చునే ఒక పెద్దావిడ ఇన్సులిన్ వాడేవారు. ఇన్సులిన్ గానీ, షుగరును దించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్ళు మోతాదు మార్చకుండా తిండి తగ్గిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. ఆవిడను ఆ ప్రశ్న ఎవరూ అడగకపోవడం నేను కళ్ళారా చూశాను. మూడో నెలలో నాకు దువ్వెన నిండా జుట్టు రాలింది. "మామూలే మేడమ్" అన్నారు. త్వరగా బరువు తగ్గినవాళ్ళకు రెండు మూడు నెలల తర్వాత జుట్టు రాలడం, కొందరికి పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడడం తెలిసిన విషయాలే. తెలిసినవి కాబట్టి ముందే చెప్పాలి.

నన్ను ఎక్కువగా నిరాశపరిచింది ఆహార పట్టిక. ఓట్స్, బ్రోకలీ, గోధుమ బ్రెడ్డు, రెండు గుడ్ల తెల్లసొన. గుంటూరు మనిషి అన్నం ఎలా తింటాడో ఆ పట్టిక రాసినవాళ్ళకు తెలిసి ఉంటే అలా రాసి ఉండేవారు కాదు. మన భోజనంలో ప్రతి ఆదరువుకూ విడిగా అన్నం కావాలి. మొదటి ముద్ద కారప్పొడి, నెయ్యితో. తర్వాత పప్పులోకి కొంత, కూరలోకి కొంత, చారులోకి కొంత, చివర పెరుగులోకి తప్పనిసరి. గోంగూర పచ్చడో ఆవకాయో ఉన్న రోజున ఇంకో చుట్టు. ఐదారు చుట్లు అయ్యేసరికి, ఎక్కువ తిన్నామన్న ఊహ కూడా లేకుండానే బోలెడు అన్నం ఒక్క మనిషి కడుపులోకి పోతుంది. అది కూడా బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబమసూరి, బాగా పట్టించిన తెల్ల బియ్యం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని, పప్పులు, మాంసం, గుడ్లు వంటివాటి వాటా 15 శాతం దాకా ఉండాలని చెప్పింది. మన విస్తట్లో దాన్ని సాధించడానికి ఓట్స్ అక్కర్లేదు. ఆదరువులు అన్నీ ఉంచి చుట్లు తగ్గించాలి: రెండు చుట్లకు అన్నం, పప్పూ కూరా గిన్నెలో వేసుకుని విడిగా తినడం, మజ్జిగ తాగడం. ఇది నాకు ఏడాదిన్నర తర్వాత తట్టింది. డబ్బు తీసుకున్నవాళ్ళే నా కంచం ముందు కూర్చుని దీన్ని చెప్పి ఉండాల్సింది. వాళ్ళ పట్టికను నేను ఒంటరిగా తిన్నాను. అందరూ భోంచేస్తుంటే గ్లాసుతో పక్కన కూర్చున్న రాత్రులు నాకు గుర్తున్నాయి. అలా ఎవరు మాత్రం ఎన్నాళ్ళు కూర్చోగలరు?

డబ్బు విషయం క్లుప్తంగా. మొత్తం ముందే కట్టించుకున్నారు. నాలుగో నెలలో అమ్మకు ఆపరేషనై మూడు వారాలు సరిగ్గా హాజరు కాలేకపోయాను. తూకానికి మాత్రం పరుగున వెళ్ళొచ్చేదాన్ని. ఆ వారాలు పొడిగించమంటే కుదరదన్నారు, రసీదు వెనక సన్న అక్షరాలు చూపించారు. ఆ అక్షరాలే తుది తీర్పు అనుకుని ఊరుకోవడం నా పొరపాటు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపానికి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే రుసుము కూడా లేదు. 1915 నంబరుకు ఫోను చేసి ముందుగా సలహా తీసుకోవచ్చు. మందుతో ఒళ్ళు తగ్గిస్తామని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి ఔషధాలు, అద్భుత చికిత్సల చట్టం నిషేధించిందన్నది కూడా చాలామందికి తెలియదు. ఆ చట్టం జాబితాలో స్థూలకాయం ఉంది.

అసలు లోపం మాత్రం ఇవేవీ కావు. ఏడో నెల.

బరువు తగ్గిన శరీరం పాత శరీరంలా ఉండదు. ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుతుంది. అమెరికాలో టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో ప్రకటించిన అధ్యయనంలో, వాళ్ళలో చాలామంది బరువు తిరిగి పెరిగినా, శరీరాలు మాత్రం ఉండాల్సినదానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువే ఖర్చు పెడుతున్నాయి. వాళ్ళంత తీవ్రంగా నేను తగ్గలేదు, అయినా దిశ అదే. తగ్గడం ఒక పని, తగ్గినదాన్ని నిలుపుకోవడం ఇంకో పని, రెండోదే కష్టమైనది. బ్రిటన్‌లో 1,267 మందితో జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో, ఇలాంటి కార్యక్రమానికి 12 వారాలు వెళ్ళినవాళ్ళు ఏడాది చివర సగటున 4.75 కిలోలు, 52 వారాలు వెళ్ళినవాళ్ళు 6.76 కిలోలు తగ్గి ఉన్నారు. అడిగే మనిషి ఎంతకాలం ఉంటే ఫలితం అంతకాలం నిలుస్తుంది. నన్ను అడిగే మనిషి 26వ శనివారంతో ఆగిపోయింది. ఆ తర్వాత కేంద్రం నుంచి వచ్చిన ఫోన్లన్నీ 24,000 రూపాయల రెన్యూవల్ తగ్గింపు గురించే. శనగలు చెప్పిన అమ్మాయి అప్పటికి ఉద్యోగం మానేసింది.

లెక్క వేస్తే, ప్యాకేజీకి 36,000, డబ్బాలకు 10,000, మొత్తం 46,000. తొమ్మిది కిలోలకు పంచితే కిలోకు సుమారు 5,100 రూపాయలు. ఆరు కిలోలు తిరిగొచ్చాక మిగిలినవి మూడు, కిలోకు 15,000 దాటింది. కేంద్రం గోడ మీద నా ఫొటో మాత్రం 69 కిలోల దగ్గరే ఉంది.

ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయి కదా, ఈ గొడవంతా ఎందుకని కొందరంటున్నారు. టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు బరువు తగ్గించడం కోసం 2025లో మన దేశపు మార్కెట్లోకి వచ్చాయి. అదే ఏడాది మే నెలలో వెయిట్ వాచర్స్ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. అవసరమైనవాళ్ళకు అవి మంచి మందులే, వైద్యుడు నిర్ణయించాల్సిన విషయం. కానీ ఆపేస్తే తగ్గిన బరువులో ఎక్కువ భాగం ఏడాదిలో తిరిగొస్తుందని వాటి మీద జరిగిన పరిశోధనలే చెప్పాయి. ఏడో నెల ప్రశ్న అక్కడా ఉంది.

నేను పదహారు నెలల క్రితం మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి మేం ముగ్గురం. శనివారం ఉదయం ఆరున్నరకు బృందావన్ గార్డెన్స్‌లోని ఎన్టీఆర్ స్టేడియంలో నడక, తర్వాత బ్రాడీపేటలో ఒకరి ఇంట్లో మామూలు తూకపు యంత్రం, ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం. రెండు నెలలకోసారి ఒక డైటీషియన్ దగ్గరకు వెళ్ళి, ఆ పూటకు 500 రూపాయలు ఇచ్చి, మేం తిన్నది చూపిస్తాం. ఆమె ఏ డబ్బా అమ్మదు. నేనిప్పుడు 71.5 దగ్గర ఉన్నాను, షుగరు 5.6. నాకు శనివారం దొరికింది మాత్రం మొదటి రసీదు పుణ్యమే. ఆ అలవాటు ఇంట్లో స్థిరపడకపోతే ఈ రెండో ప్రయత్నానికి నేను గడప దాటగలిగేదాన్ని కాదు.

అందుకే మా బ్యాంకు అమ్మాయిని చేరవద్దని అనలేదు. ఆమె ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, ఆరున్నరకు స్టేడియానికి రాలేదు. వెళ్ళి నాలుగు ప్రశ్నలడగమన్నాను. నెలనెలా కట్టవచ్చా, డబ్బా కొనకుండా చేరవచ్చా, మా ఇంటి వంటను చూసి పట్టిక రాస్తారా, ఏడో నెలలో నన్నెవరు చూస్తారు. మూడు చోట్ల అడిగింది. రెండు చోట్ల మొదటి ప్రశ్న దగ్గరే మాట తెగింది. మూడో చోట నెలకు 2,000 చొప్పున ఒప్పుకున్నారు, పొడి వద్దంటే బలవంతం చేయలేదు, లక్ష్యం తీరాక నెలకోసారి తూకానికి రావచ్చన్నారు. అక్కడ చేరింది.

పోయిన సోమవారం మొదటి వారం చీటీ తెచ్చి నా కౌంటరు మీద పెట్టింది. 1.9 కిలోలు తగ్గింది. "ఇందులో ఎక్కువ నీళ్ళే అక్కా, వచ్చే నెల నుంచి చూడాలి" అని తనే అంది. ఆ కాగితం మీద అక్షరాలు నిలవవు, ఇప్పుడే అంకెను పుస్తకంలోకి ఎక్కించుకోమని చెప్పి, డ్రాయరులోంచి ఒక పెన్ను తీసి ఇచ్చాను.